ఎత్తైన భవనాల నీడలో చెట్లు

చెట్టు మనకు నీడనిస్తుందని చిన్ననాటి నుండి చదువుకున్నాము. ఆ చెట్టు మీదనే నీడ పడితే ఏమగునన్నది నేటి నగరవాసుల ప్రశ్న. పారిశ్రామికవాడలకు పేరొందిన మన ఉప్పల్, నాచారం ప్రాంతాలలో నేడు బహుళ అంతస్తుల భవనాలు లేస్తున్నవి. 2017 నవంబరులో నాగోలు నుండి మెట్రో రైలు నడక ఆరంభమైన పిదప ఈ మార్పు మరింత ప్రస్ఫుటమైనది.

హైదరాబాదు సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. డిసెంబరు 22 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సైతం సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు 30 మీటర్ల భవనపు నీడ ఉత్తరంగా సుమారు 26 మీటర్లు సాగుతుంది. జూన్ 21న అదే నీడ దక్షిణంగా 3 మీటర్లు మాత్రమే. ఇందలి వైపరీత్యం గమనింపదగినది. ఎండ మండే రోజులలో చెట్టుకు మధ్యాహ్నపు చలువ దొరకదు. వానలు వెలిసి, నేలలో తడి నిలిచి, ఆకాశం నిర్మలమై, ఆకులు ఆహారం సమకూర్చుకొనవలసిన దినాలలోనే నీడ కమ్ముకొంటుంది.

వెలుతురు చాలని చెట్టు వెలుగున్న దిక్కుకు వంగి సన్నగా సాగుతుంది. క్రింది కొమ్మలు ఎండుతవి, ఆకులు పలుచనై వెడల్పవుతవి, పూత తగ్గుతుంది. నిండు ఎండను కోరే గుల్‌మొహరు, వేప వంటివి త్వరగా నష్టపోతవి. అయితే ప్రతి నీడా కీడు కాదు. పడమటనున్న భవనం లేత మొక్కలను సాయంకాలపు తీవ్రమైన ఎండ నుండి కాపాడుతుంది.

2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం చెట్టు నరుకుటకు అనుమతి అవసరం. గొడ్డలికి అడ్డున్నది గాని, నీడకు అడ్డు లేదు. కావున మొక్క నాటుటకు ముందే ఆలోచన అవసరం. భవనానికి ఉత్తరాన, సహజంగా అడవినీడలో పెరిగే సీతాశోకం, కరివేపాకు వంటివి నాటుట మేలు.

విద్యార్థి మిత్రులారా! డిసెంబరు 22న మధ్యాహ్నం 12-15 గంటల ప్రాంతంలో ఒక మీటరు కర్రను నిటారుగా నిలిపి నీడను కొలవండి. సుమారు 86 సెంటీమీటర్లుండును. భవనపు ఎత్తును దానితో హెచ్చించిన, నీడ హద్దు తెలియును. కళాశాల కమిటీ వారు ఆ హద్దును గుర్తించి మొక్కలు నాటించినచో, నేటి మొక్క రేపటి తరానికి నీడ కాగలదు.