ఇంటికంటే ముందు ఇరుగుపొరుగు



నిలువ నీడలేని కుటుంబానికి ఇంటి సాయం చేయాలనుకున్నప్పుడు దాతలు సాధారణంగా మూడు సంగతులు అడుగుతారు. ఎన్ని గజాల జాగా? ఎన్ని గదులు? ఖర్చు ఎంత? ఇవి అడగవలసినవే. అయితే ఆ ఇంట్లో ఉండబోయే వారి ప్రశ్నలు గడప బయట మొదలవుతాయి. నల్లా ఎన్ని రోజులకోసారి వస్తుంది? బడి ఎంత దూరం? పక్కింట్లో ఎవరుంటారు? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో బడిపిల్లల ఇళ్లకు వెళ్లినప్పుడల్లా మేము విన్నవి ఈ ప్రశ్నలే. దాతల సొమ్ము సరిగా చేరాలంటే వీటిని కూడా తెలుసుకోవాలి.

ధర్మం ఏమంటుంది?

ఇంటికంటే ముందు పొరుగును చూసుకోవాలన్న నానుడి అరబ్బుల్లో ఉంది. దివ్య ఖుర్‌ఆన్‌లోని అన్నిసా సూరా 36వ ఆయతు తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, నిరుపేదల తర్వాత పొరుగువారిని ప్రస్తావిస్తుంది. బంధువైన పొరుగువారితోనూ, పరాయి పొరుగువారితోనూ మంచిగా మెలగమంటుంది. జిబ్రీల్ దూత పొరుగువారి గురించి ఎంతగా తాకీదు చేశారంటే, వారికి ఆస్తిలో వారసత్వం కూడా ఇస్తారేమోనని తమకు అనిపించిందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చెప్పినట్టు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది.

ఈ హక్కుకు మతంతో పనిలేదు. హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను కోసినప్పుడు, మన యూదు పొరుగింటికి పంపారా అని ఆయన ఇంటివారిని అడిగారు. పైన చెప్పిన హదీసును గుర్తుచేశారు. పీర్ల పండుగకు హిందువులు, ముస్లిములు కలిసి నడిచే మన పాలమూరు పల్లెలకు ఇది కొత్త పాఠం కాదు.

హనఫీ ధర్మశాస్త్రంలో 'షుఫా' అనే హక్కు ఉంది. ఇల్లు అమ్ముడుపోతున్నప్పుడు అదే ధరకు తానే కొనుక్కుంటానని అడిగే హక్కు అది. మొదట ఆ ఆస్తిలో వాటాదారుకు, తర్వాత దారి, నీరు వంటివి ఉమ్మడిగా వాడుకునేవారికి, ఆ తర్వాత ఆనుకుని ఉన్న ఇంటివారికి అది దక్కుతుంది. కేవలం పొరుగున ఉన్నందుకు వచ్చే షుఫా రాజ్యాంగం ప్రకారం చెల్లదని 1962లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి దానికోసం నేడు కోర్టుకు వెళ్లలేం. పక్కన ఎవరు వస్తారన్నది ఇంటి విలువలో భాగమేనని మన పెద్దలు ఎంత ముందుగా గుర్తించారో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఒక సోదరి వద్దన్న ప్లాటు

భర్తను కోల్పోయిన ఒక సోదరికి, ఊరి బయటి వెంచర్‌లో తనకున్న ప్లాటు ఇస్తానని ఒక పెద్దమనిషి ముందుకొచ్చారు. ఆమె దువా చేసి, మర్యాదగా వద్దన్నారు. ఉచితంగా వచ్చే జాగాను కాదని కిరాయి గదిలోనే ఉంటానంటే కొందరికి వింతగా తోచింది. ఆమె కారణాలు విన్నాక వింత పోయింది.

ఆమె జాకెట్లు కుడతారు. కుట్టించుకునేవారంతా ఆ గల్లీ ఆడవాళ్లే. ఎనిమిదో తరగతి చదివే కూతురు పక్కింటి పిల్లలతో కలిసి నడిచి బడికి వెళ్తుంది. రాత్రివేళ అత్తకు దమ్ము ఎక్కువైతే ఎదురింటి ఆటో అబ్బాయిని లేపవచ్చు. "అక్కడ గోడలు నావే అవుతాయి టీచర్, పిలిస్తే పలికేవాళ్లు ఎవరు?" అన్నారామె. జమ, ఖర్చు లెక్క ఆమెకు బాగా తెలుసు. ఆ ప్లాటుతో కిరాయి మిగులుతుంది. దానికి బదులు ఆమె సంపాదన, బిడ్డ చదువు, రాత్రిపూట ధైర్యం పోతాయి.

వాడను చూడడం ఎలా?

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి మన మూడు జిల్లాలు ఏర్పడ్డాయి. జిల్లా కేంద్రాల చుట్టూ వెంచర్లు పెరిగాయి. చౌకగా దొరికే జాగా ఊరికి దూరంగానో, పల్లంలోనో ఉంటుంది. అందుకే కొనేముందు ఈ నాలుగు విషయాలు చూడాలి.

మొదటిది నీరు. తాగే నీరు రావాలి, వరద రాకూడదు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి ఆలంపూర్, రాజోలి నీట మునగడం మనం మరిచిపోలేదు. చెరువు శిఖంలో, వాగు పక్కన ఉన్న జాగాను ఎండాకాలంలో చూసి కొనరాదు.

రెండవది బడి. విద్యాహక్కు నిబంధనల ప్రకారం ప్రాథమిక పాఠశాల కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల లోపు ఉండాలి. కానీ ఆడపిల్ల విషయంలో తల్లి దూరాన్ని మాత్రమే కొలవదు. దారిలో దీపం ఉందా, తోడు ఉందా అని చూస్తుంది. ఆ తోడు లేకపోతే, హైస్కూలు వయసు రాగానే చదువు ఆగిపోయే ప్రమాదం ఉంది.

మూడవది పని. కూలికి వెళ్లేవారికి అడ్డా, బండి పెట్టుకునేవారికి బజారు దగ్గర కావాలి. మగ్గం నేసే ఇంటికి పడుగు చాపుకునే జాగా కావాలి.

నాలుగవది మనుషులు. నడిచి వెళ్లేంత దూరంలో మసీదు ఉంటే ముసలివారికి జమాఅత్ దొరుకుతుంది, నాలుగు రోజులు కనిపించకపోతే అడిగేవారూ దొరుకుతారు. వలస పోయే మన ప్రాంతంలో ఇది చాలా ముఖ్యం. కొడుకూ కోడలూ హైదరాబాదుకో ముంబైకో పనికి పోతే, ఇంట్లో మిగిలిన ముసలివారికి, పసివారికి పొరుగువారే దిక్కు.

శ్రీశైలం జలాశయం కోసం 1981 ప్రాంతంలో కృష్ణా, తుంగభద్ర తీరాల్లో వందకు పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. మునిగే చోట ఉన్న పాత గుళ్లను రాయి రాయి విప్పి, ఆలంపూర్, కొల్లాపూర్ వైపు మళ్లీ నిలబెట్టారు. రాళ్లకు నంబర్లు వేసి గుడిని తిరిగి కట్టవచ్చు. చెదిరిన వాడను అలా కట్టే పద్ధతి ఎవరి దగ్గరా లేదు.

దాతలకు మనవి

కొత్త ఇల్లు కట్టించడం గొప్ప పుణ్యం. దానికంటే ముందు, ఉన్న వాడలోనే ఉంచి ఆదుకునే వీలుందేమో చూడండి. కారే రేకులు మార్చడం, మరుగుదొడ్డి కట్టించడం, నల్లా కనెక్షన్ ఇప్పించడం, ఆరు నెలల కిరాయి కట్టడం తక్కువ ఖర్చుతో అయ్యే పనులు. హనఫీ మతం ప్రకారం జకాత్ సొమ్ముకు అర్హుడైన మనిషిని యజమానిని చేయాలి. కాబట్టి కిరాయికి, మరమ్మతుకు జకాత్‌ను అర్హులైన వారి చేతికే ఇవ్వవచ్చు. గల్లీ దీపం, ఉమ్మడి బోరు వంటి అందరి పనులకు జకాత్ కాకుండా సదఖా వాడాలి. సందేహముంటే ఆలిమ్‌లను అడగండి.

కొత్త జాగా ఇవ్వక తప్పనప్పుడు, ఆ కుటుంబంలోని స్త్రీలను ముందుగా అక్కడికి తీసుకెళ్లి చూపించండి. ఒకసారి పొద్దున నీళ్లు వచ్చే వేళ, ఒకసారి చీకటి పడ్డాక. వారు వద్దంటే దానిని కృతఘ్నత అనుకోకండి, కారణం అడగండి. ఒకే కుటుంబాన్ని ఒంటరిగా పంపకుండా, వీలైతే తెలిసిన రెండు మూడు కుటుంబాలకు పక్కపక్కనే జాగా ఇవ్వండి.

మీ దానంతో నిలిచే ప్రతి ఇంటికీ మంచి పొరుగును, ఆ పొరుగుకు మంచి ఇంటిని అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.