దినమునకు ఎన్నిపూటలు భుజింపవలయును?

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల రైతుసోదరులు విత్తనముల సంగతియు ఎరువుల సంగతియు ముగిసిన పిదప మమ్ము మరియొక ప్రశ్న అడుగుచున్నారు. ఒళ్లు తగ్గవలెనన్న ఒంటిపూట భోజనము మేలా, కొంచెము కొంచెముగా ఆరుమారులు తినుట మేలా యని. సెల్‌ఫోనులో ఒకరు మొదటిది చెప్పుదురు, వేరొకరు రెండవది చెప్పుదురు. మధుమేహమును రక్తపుపోటును మన పల్లెలలోనికి వచ్చియున్నవి గనుక ఈ ప్రశ్న నవ్వి విడువదగినది కాదు.

సంఘపు ఖాతాను చూడుడు. నూరు రూపాయల అప్పు ఒక్క దఫాగా తీసికొన్నను, పదేసి చొప్పున పది దఫాలుగా తీసికొన్నను, పద్దు నూరే. దేహమును ఇట్లే లెక్క వేయును. దినమంతటికి తిన్నదానిలో పనికి ఖర్చుకాగా మిగిలినది కొవ్వుగా నిలువయగును.

చైనాదేశమున గ్వాంగ్‌జౌ నగరమందు 139 మంది స్థూలకాయులపై ఏడాదిపాటు జరిగిన పరీక్ష ఫలితము 2022లో ప్రకటింపబడినది. అందరును ఆహారము తగ్గించుకొనిరి. అందు ఒక భాగమువారు ఉదయము 8 గంటలు మొదలు సాయంకాలము 4 గంటలలోపలనే భుజింపవలయును; తక్కినవారికి వేళల నిర్బంధము లేదు. మొదటివారు సగటున 8 కిలోలును, రెండవవారు 6.3 కిలోలును తగ్గిరి. ఈ భేదము గణనశాస్త్రరీత్యా లెక్కకు రాదని పరీక్షకులు తేల్చిరి. తగ్గించినది ఆహారపు మొత్తమేగాని గడియారము కాదన్నమాట.

మన పెద్దలు ప్రొద్దున అంబలియో చద్దియో త్రాగి, మధ్యాహ్నము సంగటి తిని, రాత్రి వేడిగా భుజించెడివారు. నాగలి దున్ని, కపిల తోలి, కాలినడకను సంతకు పోయి వచ్చినవారికి అది చాలీచాలనట్టుగానే యుండెడిది. ఇప్పుడు దున్నునది ట్రాక్టరు, నీరు తోడునది మోటారు. పూటలు మాత్రము మూడే యని మనమందుము. అది నిజమా? ప్రొద్దుననే టీ, ఆత్మకూరు బస్సు దిగగానే టీ, కొట్టువద్ద బజ్జీలు, సాయంకాలము మరల టీ: వీనిని పూటలుగా ఎవ్వరును లెక్కింపరు. ఒక చెంచా చక్కెర 5 గ్రాములనుకొన్న 20 కేలరీలు. నాలుగు టీలకు రెండేసి చెంచాలైన 160 కేలరీలు. నూనె గ్రామునకు 9 కేలరీలిచ్చును, చక్కెర నాలుగే. కావున బజ్జీల పద్దు ఇంకను పెద్దది. మొదట కొట్టివేయవలసినవి ఈ పద్దులు. మధ్యాహ్నపు సంగటిముద్ద జోలికి పోవలసినది ఆ తరువాతనే.

ఒంటిపూట వ్రతము పట్టినవారిలో అనేకులు పగలెల్ల కడుపు మాడ్చుకొని, రాత్రి రెండుపూటల అన్నము ఒక్కపెట్టున తినుట మేము చూచుచున్నాము. ఇల్లాండ్ర సంగతి మరియు చిక్కైనది: అందరికి వడ్డించి, టీతో ప్రొద్దు గడిపి, రాత్రి పదిగంటలకు మిగిలిన అన్నము పారవేయనొల్లక తామే తినుచున్నారు. ఆరుమారుల పద్ధతియు అంతే. ప్రతిమారు చేయి బిగబట్టగలవారికే అది పనికివచ్చును.

ఇక ముఖ్యమైనది. మధుమేహమునకు మాత్రలు వాడువారు, విశేషించి ఇన్సులిను తీసికొనువారు, వైద్యుని అడుగక పూట మానరాదు. మందు లోపల పనిచేయుచుండగా అన్నము పడకపోయిన రక్తమందలి చక్కెర మిక్కిలి పడిపోవును. చెమట, వణకు, తల తిరుగుట, మాట తడబడుట దాని గురుతులు. బావిగట్టుననో ట్రాక్టరుమీదనో అది సంభవించిన ప్రాణాపాయమే. అట్టివారు జేబులో చక్కెర పొట్లముంచుకొని, గురుతు కనబడగానే నోట వేసికొనవలయును. స్పృహ తప్పినవాని నోట మాత్రము ఏమియు పోయక వెంటనే ఆసుపత్రికి చేర్పవలయును. రంజాను ఉపవాసములకుగాని, ఏకాదశికిగాని ముందుగా వైద్యునితో మందుల మోతాదు మాటలాడుకొనుట మంచిది. గర్భిణులును బాలింతలును పూట మానుట తగదు.

తక్కినవారికి మా యెన్నిక పాత మూడుపూటలే. రాత్రిభోజనము మాత్రము పెందలకడ ముగింపవలయును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పినట్లు పళ్లెములో సగము కూరలు, ఆకుకూరలు, పండ్లు ఉండవలయును. నాట్లదినములలో ఎక్కువ తినుడు, తప్పులేదు. పని ముగిసిన వారమునకే తగ్గింపుడు. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటిమీటర్లు మించరాదు. బరువు చూచుకొనుటకు యంత్రమే లేదందురా, ఎరువుల కొట్టులో బస్తాల కాటా యున్నది. నెలకొకమారు సరుకు తీసికొన వచ్చినప్పుడు దానిపై నిలిచి, అంకె పాసుపుస్తకపు వెనుకపుటన వ్రాసికొనుడు.