దీర్ఘవ్యాధియందు రోగి సమ్మతి

ఉద్దానము పేరు వినినంతనే మూత్రపిండముల వ్యాధి స్ఫురించుచున్నది. శ్రీకాకుళము జిల్లాలోని ఆ ప్రాంతము బరంపురపు తెలుగువారికి పొరుగే. అయితే ఆ వ్యాధి ముదిరినపుడు చికిత్సామార్గము ఒక్కటియే కాదను సంగతి అనేకులెరుగరు.

ఆసుపత్రిలో యంత్రముచే రక్తశుద్ధి చేయించుకొనవచ్చును; ఇది సాధారణముగా వారమునకు 3 మారులు, మారునకు సుమారు 4 గంటలు. ఇంటియందే గొట్టము ద్వారా పొట్టలోనికి ద్రవమును పంపి, దినమునకు 3, 4 మారులు మార్చుకొను డయాలిసిస్ వేరొకటి కలదు. దాత లభించినచో మూత్రపిండ మార్పిడి కలదు. అతివృద్ధులును, ఇతర వ్యాధులచే కృశించినవారును డయాలిసిస్ వలదని, బాధోపశమనమునకు చేయు చికిత్సనే కోరుటయు వైద్యశాస్త్రము అంగీకరించినదే. వీనిలో తనకేది తగునో వైద్యుడొక్కడే నిర్ణయింపజాలడు. వారమున 3 దినములు ప్రయాణము చేయవలసినది రోగి. కూలి పోగొట్టుకొనునది రోగి. నీటిని కొలిచి త్రాగవలసినదియు రోగియే.

మన ఇండ్లలో జరుగునది వేరు. వైద్యుడు పెద్దకుమారునితో మాటాడును. “నాయనగారికి చెప్పకండి, బెంగపెట్టుకొందురు” అని ఆతడు వేడుకొనును. ప్రేమచేతనే సుమా! కాని ఏండ్లతరబడి సాగు వ్యాధిని దాచుట ఎట్లు? డయాలిసిస్‌కై చేతి రక్తనాళమునకు శస్త్రచికిత్స చేసిననాడే ఆయన గ్రహించును.

చట్టము ఈ విషయమున స్పష్టముగనే యున్నది. పరీక్షకై మత్తు ఇచ్చిన ఒక స్త్రీకి, తల్లి సమ్మతి మాత్రము గైకొని గర్భాశయము తొలగించిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పినది. తక్షణ ప్రాణాపాయము లేనపుడు, స్వయముగా నిర్ణయింపగల వయోజనురాలికి మారుగా తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదనెను. చికిత్స స్వరూపము, ప్రత్యామ్నాయములు, ముఖ్యమైన అపాయములు, నిరాకరించినచో కలుగు ఫలితము రోగికి తెలుపవలెననియు చెప్పెను.

తెలుపుట ఏ భాషలో? జాతీయ మానవహక్కుల సంఘము 2018లో రూపొందించిన రోగిహక్కుల పత్రము, రోగికి అర్థమగు భాషలోననుచున్నది. మనవంటి ప్రవాసాంధ్రులకు చిక్కు ఇచ్చటనే. షోలాపురము, హోసూరు ప్రాంతముల వృద్ధులలో తెలుగు మాటాడుటయే గాని చదువనేరనివారు కలరు. వారికి తెలుగున అచ్చువేసిన కాగితమును నిరుపయోగమే. నోట చెప్పి, తిరిగి వారిచే చెప్పించుకొనవలెను. కుమారుడే దుబాసియైనచో తన కోరికయు కలిపి చెప్పును. కుటుంబమునకు వెలుపలి తెలుగువాడొకడు ప్రక్కనుండుట మేలని నా తలంపు.

ఒకమారు ఇచ్చిన సమ్మతి శాశ్వతము కాదు. డయాలిసిస్ ఆరంభించినవారు దానిని మానుకొనవచ్చును; వలదన్నవారు మనసు మార్చుకొనవచ్చును. మాట పడిపోవునాటికై ముందుగనే అభీష్టము వ్రాసియుంచుటను సుప్రీంకోర్టు 2018లో అంగీకరించి, 2023లో పద్ధతిని సులభము గావించినది: ఇద్దరు సాక్షులు, నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని చాలును.