నల్లగొండ పేరు మోసిన బకెట్

మోకాళ్ళు మడవకుండా వంగి కాలి బొటనవేళ్ళు ముట్టుకోవాలి. గడ్డం ఛాతీకి ఆనించాలి. చేతులు చాచి, మడిచి తల వెనక పెట్టుకోవాలి. ఫ్లోరైడ్ నీళ్ళ ఊళ్ళలో ఎముకల జబ్బును తొలిచూపులో అనుమానించడానికి ఈ మూడు పరీక్షలూ చాలు. ఎక్స్‌రే తర్వాతి మాట.

వెన్నులో 33 పూసలుంటే విడివిడిగా కదిలేవి 24. ఏ రెండు పూసల మధ్య చూసినా కదలిక కొద్ది డిగ్రీలే. ఆ కొద్దికొద్దీ కలిస్తేనే మనిషి వంగగలడు. నడుము దగ్గర పూసల వెనకుండే చిన్న కీళ్ళు దాదాపు నిలువుగా అమరి ఉంటాయి. అందుకే అక్కడ ముందుకు వంగడం తేలిక, మెలితిరగడం కష్టం. ఛాతీ భాగం తిరుగుతుంది గానీ పక్కటెముకలు దాన్ని ఎక్కువ వంగనివ్వవు. తల పక్కకు తిప్పే పనిలో దాదాపు సగం మెడలోని పై రెండు పూసలదే. ఇవి ఎముకల ఆకారం పెట్టే హద్దులు. ఇంకో హద్దు లిగమెంట్లది. ఎముకను ఎముకకు కట్టి ఉంచే ఈ పట్టీలు వంగినకొద్దీ బిగుసుకుని ఒకచోట ఆపేస్తాయి. ఆపడం వాటి పనే. కానీ ఆ ఆపే చోటుదాకా పోనివ్వడం కూడా వాటి పనే!

ఫ్లోరైడ్ దెబ్బకొట్టేది సరిగ్గా అక్కడే. ఎముక ఖనిజంలో హైడ్రాక్సిల్ చోటును అది ఆక్రమిస్తుంది. ఏళ్ళ తరబడి ఒంట్లోకి చేరితే కొత్త ఎముక అడ్డదిడ్డంగా పెరుగుతుంది, మెత్తని లిగమెంట్లు కాల్షియం పేరుకుని గట్టిపడతాయి. ముంజేతి రెండెముకల మధ్య పొర కూడా ఎముకలా మారి ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుంది. ఇక ఆ వెన్ను వంగదు.

మన దేశంలో ఈ జబ్బును 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించి రాశారు. 1955లో సిద్దిఖీ నల్లగొండ సంగతి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పెట్టాడు. అప్పటికి నల్లగొండా, ఇదే నీటి బాధ ఉన్న రాయచూరూ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలోవి. 1956 నవంబరు 1న చెరో రాష్ట్రంలోకి పోయాయి. కింద రాయి మాత్రం ఒకటే తీరు, గ్రానైటు, నైసు. కృష్ణా తుంగభద్రల మధ్య ఉండి కూడా కాలవ అందని రాయచూరు పల్లెలు బోరు మీదే బతికాయి. ఆ రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్ళలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. అక్కడ పలు బోర్లలో అది దాటింది. పైగా రెండు జిల్లాల్లోనూ అప్పట్లో జొన్న తిండి. జొన్న తినేవారి ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తుందని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 1970లలో గమనించింది.

మందు లేదు కాబట్టి నీటినే మార్చాలి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ ‘నీరి’ శాస్త్రవేత్తలు 1975లో ప్రచురించిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. 40 లీటర్ల బకెట్, అడుగుకు కాస్త పైన ఒక కుళాయి, అంతే యంత్రం. నీళ్ళలో పటిక, అందులో ఇరవయ్యో వంతు సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడరు వేసి పది నిమిషాలు కలపాలి. పటికలోని అల్యూమినియం తెల్లని తరకలుగా విడివడి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. గంటాగి పై నీళ్ళు పట్టుకోవచ్చు. పటిక వల్ల నీరు ఆమ్లమవకుండా సున్నం కాస్తుంది.

కరెంటు అక్కర్లేదు, సామాను కిరాణా కొట్టులో దొరికేదే. ఇంత మంచి ఆలోచన ఇంటింటా నిలవకపోవడానికి కారణం రసాయనం కాదని నా అభిప్రాయం. మోతాదు బోరు బోరుకీ మారుతుంది. ఫ్లోరైడ్ ఎంతుందో, నీటి క్షారత్వం ఎంతో తెలియకుండా వేస్తే పటిక మిగిలి రుచి చెడుతుంది. అడుగున మిగిలే మడ్డి నిండా ఫ్లోరైడే, దాన్ని రోజూ ఎక్కడ పారబోయాలి? ఇంట్లో నీళ్ళు మోసేవాళ్ళే రసాయనశాల కూడా నడపాలన్నమాట. నల్లగొండకు చివరికి తెలంగాణ ప్రభుత్వ తాగునీటి పథకం మిషన్ భగీరథ పైపుల్లో నది నీరు వచ్చింది. రాయచూరులోనూ మేలైన దారి నదులదే.

మంచినీళ్ళు వచ్చాక పెద్దవాళ్ళ నొప్పులు కొంత తగ్గవచ్చు గానీ గట్టిపడ్డ లిగమెంట్లు మళ్ళీ మెత్తబడవు. అందుకే నీరు ఎంత మారిందో చూడాలంటే ఆ మూడు పరీక్షలూ పెట్టాల్సింది ఇంకా ఎదుగుతున్న బడిపిల్లలకు.