మాయాబజారు కథాకల్పన – ఔచిత్య విచారం

ఇతివృత్తం నాట్యానికి శరీరమని భరతముని నిర్వచించాడు. ఆ శరీరాన్ని దశరూపకకర్త ధనంజయుడు ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడు విధాలుగా విభజించాడు. ఇతిహాస పురాణాల నుండి గ్రహించినది ప్రఖ్యాతం. కవి స్వయంగా కల్పించుకొన్నది ఉత్పాద్యం. ఈ రెండింటి కలయిక మిశ్రం. మన తరగతి గదులలో ఈ విభాగానికి చెప్పే ఉదాహరణలు శాకుంతల మాలతీమాధవాల దగ్గరే ఆగిపోతాయి. దాదాపు ఏడు దశాబ్దాలుగా తెలుగునాట పండిత పామర భేదం లేకుండా అందరూ చూస్తూ వచ్చిన మిశ్రేతివృత్తం ఒకటి కళ్ళెదుటే ఉన్నా, దాని మాట ఎత్తడానికి మనం సంకోచిస్తాం. 1957 మార్చి 27న విడుదలైన విజయావారి 'మాయాబజార్' చలనచిత్రం అటువంటిది.

ఈ సంకోచానికి కారణం లేకపోలేదు. అభిమన్యుని భార్య ఎవరని ప్రశ్నిస్తే ఉత్తర పేరు చెప్పవలసిన విద్యార్థి తడుముకోకుండా శశిరేఖ అంటాడు. చలనచిత్రాలు భారతాన్ని చెరుస్తున్నాయని అధ్యాపకుడు వాపోతాడు. ఆ ఆవేదన సహజమే. అయితే మూలంలో లేనిదాన్ని కల్పించడమే దోషమైతే ఆ దోషం కాళిదాసుకూ అంటుతుంది. కల్పన ఉన్నదా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు, ఆ కల్పన ఉచితమా కాదా అన్నదే ప్రశ్న. ఈ వ్యాసంలో ఆ విచారం చేయబడుతున్నది.

చిత్ర దర్శకుడు కదిరి వెంకటరెడ్డి (1912–1972) తాడిపత్రి ప్రాంతీయుడు. కె.వి. రెడ్డిగా ప్రసిద్ధుడు. వాహినీ సంస్థలో 'భక్త పోతన'తో దర్శకుడై, 1947లో 'యోగి వేమన', 1949లో 'గుణసుందరి కథ' తీశారు. తరువాత విజయా సంస్థకు 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957), 'జగదేకవీరుని కథ' (1961) సమకూర్చారు. ఒక్కొక్క సన్నివేశం ఎన్ని నిమిషాలు నడవాలో చిత్రీకరణకు ముందే గడియారం పెట్టి నిర్ణయించుకొనే క్రమశిక్షణ ఆయనదని చలనచిత్ర చరిత్రకారులు చెబుతారు. గుణసుందరి కథ మొదలుకొని ఈ జానపద, పౌరాణిక చిత్రాలన్నిటికీ మాటలు పాటలు కూర్చినవారు పింగళి నాగేంద్రరావుగారు. నాటక రచనలో చేయితిరిగిన పింగళివారి తోడ్పాటును విడిచి కె.వి. రెడ్డి కథాశిల్పాన్ని చర్చించడం అసంపూర్ణమే అవుతుంది.

ఉత్పాద్య కథలలో వీరి పద్ధతిని ముందుగా స్థూలంగా చూడవచ్చు. 'గుణసుందరి కథ'కు షేక్స్పియరు లియర్ రాజు కథ బీజం. తండ్రిపై ప్రేమను కొలిచి చెప్పుమన్న రాజు ప్రశ్నకు, వివాహానంతరం భర్తయే దైవమని కడగొట్టు కూతురు జవాబు చెప్పడంతో ఆంగ్ల విషాదాంతం కాస్తా తెలుగింటి పతివ్రతా కథగా మారిపోయింది. బీజం పరాయిదైనా మొలక ఈ నేలది. కె.వి. రెడ్డి చిత్రాలలో మాయాబజారు తరువాత స్థానం దీనికే ఇవ్వాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. చాలామంది పాతాళభైరవికి ఇస్తారు. 'పాతాళభైరవి'లో మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథల వాసన, అల్లావుద్దీన్ కథ వాసన ఉన్నాయని అందరూ గుర్తించారు. కాని సకల లక్షణాలు గల సాహసిని బలి ఇచ్చి సిద్ధి పొందదలచిన మాంత్రికుడు తానే ఆ బలిపీఠానికి ఎర కావడం కథాసరిత్సాగరంలోని వేతాళ పంచవింశతికి పీఠికగా ఉన్న కథే. అక్కడ భిక్షువు, ఇక్కడ నేపాళ మాంత్రికుడు. అక్కడ త్రివిక్రమసేనుడనే రాజు, ఇక్కడ తోటరాముడనే తోటమాలి కొడుకు. ఈ మార్పు చిన్నది కాదు, రాజు చేయవలసిన సాహసాన్ని సామాన్యునికి అప్పగించడం ఇందులో ఉన్నది. 'జగదేకవీరుని కథ' వినోదప్రధానం. 1944నాటి తమిళ 'జగతలప్రతాపన్' కథనే మళ్ళీ మలచిన చిత్రం గనుక దానిని ఇక్కడ విస్తరింపనక్కరలేదు.

మాయాబజారు విషయానికి వద్దాం. శశిరేఖా పరిణయ కథ వ్యాసభారతంలో లేదు, కవిత్రయ భారతంలోనూ లేదు. జానపదుల నోట, రంగస్థలం మీద అది వర్ధిల్లింది. సురభి నాటక సమాజాలవారి ప్రదర్శనలలో మాయాబజారు ప్రసిద్ధం. మూకీచిత్రాల కాలంలోనే ఈ కథ తెరకెక్కింది, 1936లో తెలుగు టాకీగానూ వచ్చింది. అంటే కె.వి. రెడ్డి నాటికే ఇది లోకంలో స్థిరపడిన కథ. అయితే 'భారతంలో లేదు' అన్నంత మాత్రాన 'ఆధారం లేదు' అనుకోరాదు. ఈ కథలోని పోగులను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే ప్రతి పోగుకూ ప్రాచీన వాఙ్మయంలో సాజాత్యం కానవస్తుంది.

మొదటి పోగు సుభద్రా కథ. భాగవత దశమస్కంధంలో బలరాముడు తన చెల్లెలైన సుభద్రను దుర్యోధనునికి ఇవ్వదలచాడు. తక్కినవారికి అది ఇష్టం లేదు. కృష్ణుని సమ్మతితో అర్జునుడు, ముందుగా యతివేషం ధరించి వచ్చి, ఆమెను గ్రహించాడు. శశిరేఖ కథలో బలరాముడు తన కూతురిని దుర్యోధనుని కుమారునికి ఇవ్వదలచాడు. లోపల కృష్ణుని ఇచ్ఛ వేరు. అర్జునుని కుమారుడు ఆమెను పొందాడు. ఒక తరం కిందికి దించి అదే కథను మళ్ళీ చెప్పడం ఇది. తల్లికి తప్పిన గండం మేనకోడలికి వచ్చిందని సుభద్రకే తెలియాలి. చిత్రంలో ఆమె కోపానికి, అభిమానానికి ఉన్న బలం ఇక్కడిదే.

రెండవ పోగు ఉషా పరిణయం. చిత్రలేఖ తన యోగశక్తితో ద్వారకకు వచ్చి, నిద్రిస్తున్న అనిరుద్ధుని శోణపురానికి తీసుకొనిపోయింది. చిత్రంలో ఘటోత్కచుడు అదే ద్వారకకు వచ్చి నిద్రిస్తున్న శశిరేఖను పానుపుతో సహా ఆకాశమార్గాన తెచ్చాడు. అక్కడ వరుని హరణం, ఇక్కడ వధువు హరణం.

మూడవది ఘటోత్కచుని పాత్ర. ఈ రాక్షసవీరునిపై స్వతంత్ర కల్పన చేయడం భాసుడు చూపిన దారి. మధ్యమవ్యాయోగంలో ఘటోత్కచుడు అడవిలో తన తండ్రిని ఎరుగక ఎదిరిస్తాడు. హిడింబ వచ్చి గుట్టు విప్పుతుంది. చిత్రంలో అతడు తమ్ముడైన అభిమన్యుని ఎరుగక ఎదిరిస్తాడు, పిదప బాంధవ్యం తెలిసి కలుస్తారు. దూతఘటోత్కచం, పంచరాత్రం కూడ భారతంలో లేని ఘట్టాలతో నిర్మించినవే. పంచరాత్రంలో దుర్యోధనుడు పాండవులకు అర్ధరాజ్యం ఇచ్చివేస్తాడు! ఆ స్వేచ్ఛను భాసునికి ఇచ్చి, పింగళివారికి ఇవ్వకపోవడం న్యాయం కాదు.

కుంతకుడు ప్రకరణ వక్రతను వివరిస్తూ 'ఉత్పాద్యలవలావణ్యం' అన్నాడు. మూలంలో లేనిదాన్ని కల్పించడం, ఉన్నా అనుచితమైనదాన్ని మార్చడం అని అది రెండు తెరగులు. మొదటిదానికి శాకుంతలంలోని దుర్వాసశాపం ప్రసిద్ధోదాహరణ. మాయాబజారులో 'ప్రియదర్శిని' పేటిక అటువంటి కల్పన. ఎవరు తెరిచి చూస్తే వారికి తమ ప్రియవస్తువు అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపించాడు. కృష్ణునికి శకుని కనిపించాడు. ఇదేమి వింత అని ప్రేక్షకుడు నవ్వుతాడు. కాని భారతయుద్ధానికి బీజం వేసేవాడు శకుని, ఆ యుద్ధాన్ని నడిపించేవాడు కృష్ణుడు అని ఎరిగినవానికి ఆ నవ్వు వెనుక మరొక అర్థం ధ్వనిస్తుంది. ఒక్క మాట పలికించకుండా భూభారహరణాన్ని స్ఫురింపజేసిన ఈ సన్నివేశాన్ని వస్తుధ్వనికి ఉదాహరణగా తరగతిలో చెప్పవచ్చు.

కథకు లౌకికమైన పునాది మేనరికం. మేనమామ కూతురిని పెండ్లాడడం దక్షిణాత్యుల ఆచారమని బౌధాయన ధర్మసూత్రం పేర్కొన్నది. అర్జున సుభద్రల వివాహం కూడ అటువంటిదే కనుక దానిని సమర్థించడానికి కుమారిలభట్టు తంత్రవార్తికంలో శ్రమపడవలసివచ్చింది. తెలుగువారికి ఆ శ్రమ లేదు. చిన్నప్పుడే ఇచ్చిన మాట, ఆడపడుచు కుటుంబం సిరి కోల్పోగానే ఆ మాటను మరచిపోజూసిన వదినగారు, మొగమాటానికీ ఆవేశానికీ మధ్య నలిగే అన్నగారు ప్రతి ఊరిలోనూ ఉన్నవారే. రేవతి, బలరాముడు, సుభద్ర పేర్లు మాత్రమే ద్వాపరయుగానివి. పౌరాణిక చిత్రాలలో దేవతలు దేవతలుగానే మాట్లాడితే ప్రేక్షకుడు నమస్కరించి వెళ్ళిపోతాడు, కలిసి కూర్చోడు.

ఇక అసలు ఆక్షేపణ. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోక తృతీయోద్యోతంలో, ఇతివృత్తాన్ని ఉన్నదున్నట్లు నిర్వహించడం కవికి ప్రయోజనం కాదని, రసానికి అనుగుణంగా కథను కల్పించుకొనవచ్చునని అనుమతించాడు. కాని రామాయణాదుల వంటి సిద్ధరస ప్రబంధాల విషయంలో రసవిరుద్ధమైన స్వేచ్ఛ పనికిరాదని కట్టడి కూడ చేశాడు. భారతానికి అంగిరసం శాంతమని చతుర్థోద్యోతంలో నిరూపించినవాడూ ఆయనే. అటువంటి కథను హాస్య శృంగారాలతో నింపడం రసవిరోధం కాదా?

ఈ ప్రశ్నకు చిత్ర నిర్మాణంలోనే సమాధానం ఉన్నది. పాండవులు అయిదుగురిలో ఒక్కరూ ఈ చిత్రంలో తెరమీదికి రారు. నాయకులను తొలగించి, వారి కథను అరణ్యవాసంలో అలాగే ఉంచి, ఆ విరామంలో పిల్లల కథ నడిపారు. సుభద్రాభిమన్యులు అప్పుడు ద్వారకలో ఉండడం భారత సమ్మతమే. కనుక ప్రధానకథ ఎక్కడా చెదరలేదు. అయితే ఇంతకంటె లోతైన విషయం మరొకటి ఉన్నది. ఈ పెండ్లిపందిరిలో తిరిగిన కుర్రవారందరి గతి ఏమైనదో ద్రోణపర్వం చెబుతుంది. పదమూడవనాడు పద్మవ్యూహంలో అభిమన్యుడు లక్ష్మణకుమారుని చంపాడు, ఆనాడే తానూ కూలాడు. పదునాలుగవనాటి రాత్రి కర్ణుని శక్తికి ఘటోత్కచుడు బలి అయినాడు. రేలంగి హాస్యానికి విరగబడి నవ్విన మనం, అదే లక్ష్మణకుమారుని శవంపై దుర్యోధనుని దుఃఖాన్ని తిక్కనగారి ద్రోణపర్వంలో చదువుతాం. ద్రోణపర్వంలో ఘటోత్కచుని మాయ కురుసైన్యాన్ని కాల్చివేసే మాయ, చిత్రంలో అది విడిదింటిని నిర్మించి విందుభోజనాన్ని ఆరగించే మాయ. భారతం తెలియని ప్రేక్షకునికి ఇది వట్టి వినోదం. భారతం తెలిసినవానికి ఈ హాస్యం శాంతానికి విరోధి కాదు, పూర్వపక్షం.

విద్యార్థి శశిరేఖ పేరు చెప్పినప్పుడు అధ్యాపకుడు చేయవలసిన పని ఆ పేరును కొట్టివేయడం కాదని ఇందువల్లనే అంటున్నాను. అక్కడి నుండి విరాటపర్వానికి, ద్రోణపర్వానికి దారి చూపాలి.

నటన గురించి ఒక్క మాట. పురుషుడు స్త్రీభావాన్ని అభినయించడాన్ని నాట్యశాస్త్రం రూపానురూప ప్రకృతి అన్నది. మాయాశశిరేఖగా సావిత్రి చేసినది దానికి మరొక మెలిక. పురుషుడైన రాక్షసుడు స్త్రీరూపం ధరించగా, ఆ రూపాన్ని స్త్రీ ధరించి, ఎస్.వి. రంగారావు ఘటోత్కచుని రాజసాన్ని నడకలోనూ చూపులోనూ నిలిపింది. మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణంలోని వెన్నెలను అందరూ పొగుడుతారు, పొగడవలసినదే.

పింగళివారి భాషాకల్పన వైయాకరణులకు విందు. రాక్షసుల నోట 'అసమదీయులు', 'తసమదీయులు', 'దుషటచతుషటయం' వినిపిస్తాయి. సంయుక్తాక్షరం మధ్య అచ్చు చేరడం స్వరభక్తి. రత్నం రతనమైనట్లు, యత్నం జతనమైనట్లు అస్మదీయం అసమదీయమైనది. ఇది మన తద్భవాలు నడిచిన బాటే. 'తసమదీయ' అంతకంటె చమత్కారం. అస్మచ్ఛబ్దంపై ఛప్రత్యయం చేరితే అస్మదీయం. తచ్ఛబ్దంపై చేరితే తదీయమే గాని తస్మదీయం కాదు. సాదృశ్యం చేత పుట్టిన ఈ అపశబ్దం, భాష తెలియనివాడు భాషను పుట్టించే తీరుకు చక్కని నిదర్శనం. ఎవరో ఒకరు పుట్టించకపోతే మాటలు ఎక్కడి నుండి వస్తాయని ఘటోత్కచుడు ఆ కల్పనను మెచ్చుకొని 'వీరతాడు' బహూకరిస్తాడు. ఆ బహుమానం పేరూ సంస్కృత దేశ్యాలు కలిసిన మిశ్రసమాసమే! పాతాళభైరవి వచ్చిన నాటి నుండి 'డింభక' శబ్దం పల్లెలలోకి పాకింది. బాలుడనే అర్థంలో ఆ సంస్కృతపదాన్ని నిఘంటువు నుండి తీసి రచ్చబండపై కూర్చోబెట్టిన ఘనత ఆయనదే.

ఆ తరువాత 1963లో కె.వి. రెడ్డి తీసిన 'శ్రీకృష్ణార్జున యుద్ధము' కూడ వ్యాసభారతంలో లేని కథే. చిలకమర్తివారి గయోపాఖ్యానం వలన రంగస్థలంపై ప్రసిద్ధమైనది. అందులో కృష్ణార్జునులే ఎదురెదురుగా నిలిచారు. ప్రధాన నాయకులను తెర వెనుక ఉంచడం వలన మాయాబజారుకు లభించిన వెసులుబాటు అక్కడ లేదు. యుద్ధం ముదిరే కొద్దీ, వీరిద్దరూ నరనారాయణులన్న ఎరుక ప్రేక్షకుని రసానుభవానికి అడ్డు తగులుతూనే ఉంటుంది. ధ్వన్యాలోకకారుని కట్టడి ఎక్కడ పనిచేస్తుందో తెలుసుకొనడానికి ఈ రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూడవలసి ఉన్నది.