నడిమి ఇల్లు

పాండవులు లక్క ఇంటినుండి తప్పించుకొని, ఏకచక్రపురమున ఒక బ్రాహ్మణుని ఇంట తలదాచుకొనిరని భారతకథ. ఆ ఏకచక్రపురమే నేటి బోధన్ అని ఇందూరు సీమ జనులు తరతరములుగా చెప్పుకొందురు. స్థలపురాణముల నిజానిజముల మాట అటుంచినను, ఆ కథలో గమనింపదగిన విషయ మొకటి కలదు. ఆ గృహస్థు పాండవులకు రాజ్యము నీయలేదు. ఎల్లకాలము తన ఇంటనే ఉండుడనియు కోరలేదు. ఆపన్నులకు కొన్నాళ్ళు నీడ నిచ్చెను. ద్రౌపదీ స్వయంవర వార్త విని వారు బయలుదేరి పోయిరి. ఆపదకును అభ్యుదయమునకును నడుమ ఆ చిన్న ఇల్లు నిలిచినది.

అట్టి నడిమి ఇల్లు మూగజీవములకును కావలెనని జంతుసంరక్షకులు చెప్పుచున్నారు. బండి తగిలి కాలు విరిగిన కుక్కనో, తల్లిని పోగొట్టుకొన్న కూననో, పెంచుకొనువారు దొరకువరకు గాని, గాయము మానువరకు గాని, స్వచ్ఛందముగ తన ఇంట నుంచుకొని సాకుటయే ఈ సేవ. ఆంగ్లమున దీనిని ‘ఫాస్టరింగ్’ అందురు. మనకు భావము క్రొత్తది కాదు. కోకిలకు సంస్కృతమున ‘పరభృతము’ అని పేరు. పరులచే పోషింపబడినదని అర్థము. కాకి తెలియక చేయు పనిని మనుష్యుడు తెలిసి చేయుటయే ఇందలి విశేషము.

ఆశ్రయములుండగా ఇంటితో పని యేమి? మదరాసులో 1959లో బ్లూ క్రాస్ వెలసినది. హైదరాబాదులో 1992లో అక్కినేని అమల ప్రోద్బలమున మరియొక బ్లూ క్రాస్ ఏర్పడినది. ఇట్టి సంస్థలు వేలకొలది జంతువులను కాపాడినవి. కాని ఎంత గొప్ప ఆశ్రయమునకైనను ఒక హద్దు కలదు. అనేక జంతువులు ఒకచోట చేరినప్పుడు పార్వో, డిస్టెంపరు వంటి అంటువ్యాధులు టీకా పడని కూనలను త్వరగ కబళించును. అంతకంటె సూక్ష్మమైన నష్టము మరియొకటి. మూడవ వారము మొదలు పదునాలుగవ వారమువరకు కుక్కకూన లోకమును నేర్చుకొను కాలము. మనుష్యుల స్పర్శ, పిల్లల కేకలు, గిన్నెల చప్పుడు అప్పుడు పరిచయమైనచో అది జీవితాంతము నిర్భయముగ మెలగును. ఆ దినములు బోనులో గడచినచో భయము పాతుకొనును. భయమే తరువాత కాటుగ మారును. ఒక సామాన్య గృహము ఇచ్చునది ఈ చదువే.

నిజాంసాగరు నీటితో చెరకు పండిన ఈ ప్రాంతమున, 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. చెరకు గానుగాడు కాలమైన శీతకాలముననే వీథికుక్కలు ఎక్కువగ పిల్లలు పెట్టును. కనులు తెరవని కూన తన ఒంటి వెచ్చదనమును తాను నిలుపుకొనజాలదు. అందుచేత దానికి ఆకలికంటె చలియే ముందు శత్రువు. పెద్ద ఆశ్రయము కట్టుటకు లక్షలు కావలెను. ఒక గోనెపట్టా, ఒక అట్టపెట్టె, వసారాలో ఒక మూల ఏ ఇంటనైనను దొరకును. నిజామాబాదు, బోధన్ వంటి పట్టణములకు ఈ మార్గము తగియున్నది.

అయినను దయ ఒక్కటే చాలదు, తెలివియు కావలెను. కూన కనబడగనే ఎత్తుకొని రారాదు. తల్లి మేతకై పోయి ఉండవచ్చును. దూరమునుండి కొంతసేపు కనిపెట్టవలెను. కుక్కపాలలో మాంసకృత్తులు, క్రొవ్వు ఆవుపాలలోకంటె రెట్టింపునకు మించి ఉండును. కావున వట్టి ఆవుపాలు చాలవు. పసికూనకు రెండు మూడు గంటల కొకమారు పాలు పట్టవలెను. తల్లి నాకనిదే అది మలమూత్రములు విడువజాలదు. గోరువెచ్చని నీట తడిపిన దూదితో తుడువవలెను. ఇంట వేరొక కుక్క ఉన్నచో రెండు వారములైనను ఎడముగ నుంచవలెను.

అన్నింటికంటె రేబిస్ విషయమున ఏమరుపాటు పనికిరాదు. ప్రపంచమున ఏటేట సుమారు 59,000 మంది ఈ వ్యాధిచే మరణించుచున్నారనియు, వారిలో నూటికి 40 మంది 15 ఏండ్లలోపు పిల్లలనియు అంచనా. లక్షణములు బయటపడిన పిమ్మట బ్రతుకుట అత్యంత అరుదు. కరచినను, గీరినను వెంటనే 15 నిమిషములు సబ్బుతో, పారునీటితో కడిగి వైద్యుని చేరవలెను. కుక్కలను సాకువారు ముందుగనే టీకా వేయించుకొనుట మేలు. కూనకు మూడు నెలలు నిండగనే టీకా వేయింపవలెను. పిల్లలు పెద్దల కెరుక లేకుండ ఈ పనికి పూనుకొనరాదు.

2023 నాటి నియమముల ననుసరించి వీథికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, టీకా జరిపి, వానిని పట్టిన చోటనే విడువవలెను. అయితే 2025 నవంబరు 7న సర్వోన్నత న్యాయస్థానము బడులు, ఆసుపత్రులు, బస్సు నిలయములు మొదలగు చోట్లనుండి కుక్కలను తొలగించి ఆశ్రయములకు పంపవలెనని ఆదేశించినది. చోటు కొరకు ఒత్తిడి పెరిగినకొలది నడిమి ఇంటి విలువయు పెరుగును.

ఇక మిగిలినది హృదయమునకు సంబంధించిన ప్రశ్న. సాకినదానిని ఇచ్చివేయుట ఎట్లు? భాగవతమున భరతుడు తల్లి చచ్చిన లేడిపిల్లను నీటినుండి కాపాడెను. అది పుణ్యకార్యమే. కాని ‘నాది’ యను మమకారము పెరిగి, తపస్సు విడిచి, లేడినే తలచుచు మరణించి లేడియై పుట్టెను. కాళిదాసు శకుంతలయు ఒక లేడికూనను పెంచినది. దర్భ గ్రుచ్చుకొన్న దాని నోటికి గారనూనె పూసినది, ధాన్యపు పిడికిళ్ళు తినిపించినది. అత్తవారింటికి బయలుదేరునపుడు అది కొంగు పట్టి లాగగా కన్నీరు పెట్టుకొని, దానిని తండ్రి కప్పగించి పోయినది. ప్రేమ ఇరువురిదియు ఒక్కటే, అప్పగింపగలిగినది శకుంతల.

సాకిన మొదటి కుక్కనే తనకై ఉంచుకొన్న ఇంట రెండవదానికి చోటు మిగులదు. అందుచేత మంచి పోషకుడు మొదటి దినమునుండియే వీడ్కోలుకు సిద్ధపడును. దాని తిండి, నిద్ర, భయములు ఒక కాగితముపై వ్రాసి క్రొత్త యజమాని చేతికిచ్చును. కనులు చెమర్చుట తప్పు కాదు. మరునాడు ఆ గోనెపట్టాను ఉతికి, ఎండలో ఆరవేసి, తలుపు తెరచి ఉంచవలెను.