చిగుళ్ళ వ్యాధి: తొలిదశ, మలిదశ

పళ్ళు తోముకునేటప్పుడు రక్తం కనిపిస్తే చాలామంది ఆ చోట బ్రష్ ఆనించడం మానేస్తారు. చేయవలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకమైన పని. ఎందుకో తెలియాలంటే చిగుళ్ళ వ్యాధిలోని రెండు దశలను వేరువేరుగా గుర్తించాలి.

పంటికీ చిగురుకూ మధ్య సన్నని గాడి ఉంటుంది. ఆరోగ్యవంతుల్లో దీని లోతు సుమారు 1 నుంచి 3 మిల్లీమీటర్లు. ఈ అంచు వెంబడి బాక్టీరియా మెత్తని పొరగా పేరుకుంటుంది. వాడుకలో దీనిని పాచి అంటాం. శాస్త్ర పరిభాషలో ప్లాక్. తొలగించకపోతే లాలాజలంలోని ఖనిజ లవణాలు చేరి ఇది గారగా గట్టిపడుతుంది. పాచిలోని బాక్టీరియాపై శరీరం చేసే పోరాటం వల్ల చిగురు ఎర్రబడి వాస్తుంది, తాకితే రక్తం వస్తుంది. ఇది తొలిదశ, జింజివైటిస్.

పాచే దీనికి కారణమని స్పష్టంగా చూపిన ప్రయోగం 1965లో వెలువడింది. డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హరాల్డ్ లో, ఆయన సహచరులు ఆరోగ్యకరమైన చిగుళ్ళున్న 12 మంది చేత పళ్ళు తోముకోవడం మాన్పించారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. తిరిగి శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టాక వాపు తగ్గిపోయింది. ఇంత సాదా ప్రయోగం ఇంత గట్టిగా రుజువు చేయడం అరుదు; తరగతిలో నేను ఈ పాఠాన్ని ఎప్పుడూ దీనితోనే మొదలుపెట్టేవాణ్ణి. తొలిదశ పూర్తిగా నయమవుతుందన్నది ఇందులోని ముఖ్యాంశం.

మలిదశ అలా కాదు. కొందరిలో వాపు లోపలికి పాకి, పంటిని పట్టి ఉంచే తంతువులనూ ఎముకనూ కరిగిస్తుంది. ఇది పెరియోడాంటైటిస్, పెద్దలు పయోరియా అనేది దీనినే. గాడి బ్రష్ చేరలేనంత లోతవుతుంది. పోయిన ఎముక తనంతట తాను తిరిగి రాదు. పైగా నొప్పి దాదాపు ఉండదు కాబట్టి, పన్ను కదిలేదాకా రోగికి తెలియకపోవచ్చు. చుట్ట, బీడీ, సిగరెట్ తాగేవారిలో రక్తస్రావం కూడా తక్కువే. అందువల్ల చిగుళ్ళు బాగున్నట్లు భ్రమ కలుగుతుంది. మధుమేహం ఈ వ్యాధిని పెంచుతుంది, ఈ వ్యాధి రక్తంలో చక్కెర అదుపును దెబ్బతీస్తుంది.

గార తీయిస్తే పళ్ళు వదులవుతాయన్న భయం మన ఊళ్ళలో గట్టిగా ఉంది. నిజానికి పంటి పట్టు అంతకుముందే సడలి ఉంటుంది; దానిని కప్పిన గార పోగానే ఆ సంగతి బయటపడుతుంది. గారను బ్రష్ తొలగించలేదు. దంతవైద్యులే తీయాలి.

ఇక ఇంట్లో చేయదగినది: మెత్తని కుచ్చులున్న బ్రష్‌ను చిగురు అంచుకు ఏటవాలుగా ఆనించి, ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు తోమాలి. రాత్రి పడుకోబోయే ముందు తోమడం మానరాదు. వేలితో రుద్దే పళ్ళపొడి పళ్ళ సందుల్లోకి చేరదు. బొగ్గుపొడి, ఇటుకపొడి పింగాణీ పొరను అరగదీస్తాయి. సందులకు దారం గానీ సన్నని బ్రష్ గానీ వాడాలి. రక్తం వచ్చే చోట మృదువుగానే అయినా తప్పక తోమాలి. రెండు వారాలు ఇలా చేసినా రక్తం ఆగకపోతే దంతవైద్యుణ్ణి కలిసి గాడి లోతు కొలిపించుకోవాలి.